ఆ మడ్డి నల్లా నీళ్లది కాదు

రెండు గ్లాసులు. ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ఫిల్టర్ నీళ్లు. రెంటిలో లోహపు కడ్డీలు ముంచి స్విచ్ వేస్తే నల్లా నీళ్లు పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగి, పైన పచ్చని మడ్డి కడతాయి. ఫిల్టర్ నీళ్లు తేటగా అలాగే ఉంటాయి. ఆర్వో మిషన్లు అమ్ముకునేవాళ్ల ఈ ఆట ఇప్పుడు వీడియోలై ఫోన్లలో తిరుగుతోంది. ‘భగీరథ నీళ్లలో ఉన్న విషం ఇదీ’ అన్న మాట దానికి తోక. మిషన్ భగీరథ పథకం కింద కృష్ణ నీళ్లను ఎల్లూరు దగ్గర ఎత్తిపోసి, శుద్ధి చేసి, తిమ్మాజిపేట లాంటి నాగర్‌కర్నూల్ జిల్లా మండలాల దాకా గొట్టాల్లో తెస్తే, ఈ మాట నమ్మినవాళ్లు వాటిని గిన్నెలు తోమడానికీ బర్లకూ వదిలేసి, తాగడానికి ఇరవై లీటర్ల డబ్బా కొంటున్నారు.

ఆ మడ్డి నీళ్లలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది. కరెంటు పారినప్పుడు ఇనుప కడ్డీ కరిగి నీళ్లలోకి దిగుతుంది. ఆ ఇనుముకు ఆక్సిజన్ తగిలి ఐరన్ హైడ్రాక్సైడ్‌గా, అంటే ఇంచుమించు తుప్పుగా, ముద్దకడుతుంది. కడ్డీ అల్యూమినియందైతే తెల్లటి జిగురు తేలుతుంది. మరి రెండో గ్లాసు ఎందుకు మారలేదు? నీళ్లలో కరెంటు పారాలంటే కాల్షియం, మెగ్నీషియం, సోడియం వంటి వాటి లవణాలు కరిగి ఉండాలి. ఆర్వో పొర వాటిని చాలామటుకు ఆపేస్తుంది. కరెంటు పారదు కాబట్టి కడ్డీ కరగదు, అంతే. అనుమానముంటే ఆ ఫిల్టర్ నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి, అదే మడ్డి ప్రత్యక్షమవుతుంది. (ఆ పని అమ్మేవాడి చేతే చేయించండి. కరెంటూ నీళ్లూ కలిసేచోట మీ చేతులు పెట్టొద్దు.) ఇంకో తమాషా ఏమిటంటే, మురుగునీటిని శుభ్రం చేయడానికి కొన్ని ఫ్యాక్టరీల్లో వాడేది కూడా ఈ చర్యనే. ముద్దకట్టిన హైడ్రాక్సైడ్‌కు మురికి అంటుకుంటే దాన్ని తేలికగా వేరుచేయొచ్చు. నీళ్లను శుద్ధిచేసే పద్ధతిని చూపించి నీళ్లలో విషముందని నమ్మించే వ్యాపారానికి దండం పెట్టాలి.

‘అయితే టీడీఎస్ మీటరు కూడా అబద్ధమేనా?’ అని అడుగుతారు. మీటరు అబద్ధమాడదు, దాని భాష మనమే తప్పుగా చదువుతున్నాం. అది కొలిచేది నీళ్లలో కరెంటు ఏపాటి పారుతుందన్నదే. దాన్నిబట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. అందులో ఉన్నది సున్నమో, ఉప్పో, ఫ్లోరైడో దానికి తెలియదు. సూక్ష్మజీవులైతే దానికి అసలే కనపడవు. మీటరు 450 చూపే నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, అంటే హద్దుకు రెట్టింపు, ఉన్నా ఆ అంకెను చూసి కనిపెట్టలేం. లవణాల మొత్తం మటుకే చూస్తే, భారతీయ ప్రమాణాల ప్రకారం టీడీఎస్ 500 వరకు నిశ్చింతగా తాగొచ్చు. అంతకన్నా తక్కువున్నచోట ఆర్వో వాడకాన్ని నిషేధించమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో కేంద్రానికి చెప్పింది కూడా. అంకె యాభైకి దిగిందని మురిసిపోయేవాళ్లు, లవణాలతోపాటు క్లోరిన్ కూడా పోయిన ఆ నీళ్లను కడగని డబ్బాలో మూడు రోజులు నిలవుంచితే ఏమవుతుందో ఆలోచించరు.

ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు. బోరు నీళ్లంటే ఈ ప్రాంతం వాళ్లకున్న భయం అపోహ కాదు. ఇక్కడ నేల కింద ఉన్నది గ్రానైట్. ఆ రాతి పగుళ్లలో ఏళ్లతరబడి నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. కాల్షియం తగినంత ఉంటే దాన్ని పట్టి కాల్షియం ఫ్లోరైడ్‌గా కింద కూర్చోబెట్టేది. కానీ బైకార్బొనేట్ ఎక్కువున్న క్షారపు నీళ్లలో కాల్షియమే ముందు సున్నపురాయిగా విడిపోతుంది, ఫ్లోరైడ్‌కు అడ్డులేకుండా పోతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బు 1937లో మొదట నమోదైంది కూడా తెలుగు నేల మీదే, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో. ఆర్వో ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, నల్లా రాని రోజుల్లో అది నిజంగానే ఆదుకుంది. కానీ బోరు మీది భయాన్ని తెచ్చి నది నీళ్లకు అంటగట్టడం ఏం న్యాయం? పైగా డబ్బా నీళ్లమ్మే ఆర్వో ప్లాంట్లు చాలావరకు నీళ్లు తోడేది ఆ బోర్లలోంచే. తోడినదాంట్లో సగం వదిలేస్తే, ఆ సగంలో లవణాలూ ఫ్లోరైడూ ఇంచుమించు రెట్టింపు చిక్కబడతాయి. అవి మోరీలోకి, మోరీలోంచి నేలలోకి, మెల్లగా మళ్లీ భూగర్భంలోకి. నాలుగు వీధులకు మంచినీళ్లిచ్చి ఊరి బోర్లను మరింత చెడగొడుతున్నామన్న ఎరుక ప్లాంటు పెట్టినవాళ్లకూ లేదు, డబ్బా మోసేవాళ్లకూ లేదు.

మిగతా అపోహలకు ఇంత చర్చ అక్కర్లేదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. క్లోరిన్ వాసన మందు కలిపిన కుట్ర కాదు, గొట్టం పొడవునా క్రిములను చంపే కాపలా. బిందెలో కాసేపు మూతతీసి ఉంచితే ఆ వాసన తగ్గుతుంది. రాగి చెంబు ఫ్లోరైడ్‌ను ముట్టుకోదు.

గొట్టం పగిలి నల్లాలో మట్టినీళ్లు వస్తే ఆ రోజుకు తాగొద్దు, పంచాయతీకి ఫిర్యాదు చేయండి. బోరు నీళ్లే తాగక తప్పనివాళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్లచేత వేసవిలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి పరీక్ష చేయించండి. వచ్చిన కాగితంలో టీడీఎస్ కన్నా ముందు ఫ్లోరైడ్ ఎంతో చూడండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు వాడుకకే, తాగడానికి పనికిరాదు.