ఇంటి బడ్జెట్ ద్వారా రుణ విముక్తి

ఇంటి బడ్జెట్ ద్వారా రుణ విముక్తి అనగా ఒక కుటుంబం తన రాబడిని, ఖర్చులను ముందుగా లెక్క వేసుకొని, మిగిలిన సొమ్మును క్రమం తప్పకుండా అప్పుల చెల్లింపునకు కేటాయించి, నిర్ణీత కాలంలో బాకీలనుండి బయటపడే పద్ధతి. సాధారణంగా ఈ పద్ధతిని నెల జీతం వచ్చే కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని వివరిస్తారు. వ్యవసాయం, పాడి, పట్టుపురుగుల పెంపకం, కూలి పనుల మీద ఆధారపడిన కుటుంబాలకు రాబడి నెలవారీగా రాదు. ఇటువంటి కుటుంబాలు ఎక్కువగా ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో బడ్జెట్‌ను నెలను బట్టి కాక రాబడి వచ్చే తీరును బట్టి వేసుకోవలసి ఉంటుంది.

నేపథ్యం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు పడమటి భాగంలోని పట్టణాలు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరింది. ఈ ప్రాంతం కర్ణాటక సరిహద్దున ఉన్నది. కుప్పం తమిళనాడు సరిహద్దుకు కూడా సమీపంలో ఉన్నది. ఇక్కడ ఏడాది పొడవునా పారే నదులు లేవు. సాగు చాలావరకు వాన మీద, చెరువుల మీద, బోరుబావుల మీద ఆధారపడి సాగుతూ వచ్చింది. నీరు పడని బోరుకు పెట్టిన ఖర్చు ఏ రాబడీ లేకుండా పూర్తిగా అప్పుగా మిగిలిపోతుంది. ఈ ప్రాంతపు రైతుల పాత బాకీలకు ఇది ఒక ముఖ్య కారణం.

జాతీయ గణాంక కార్యాలయం 2019 సంవత్సరానికి జరిపిన 77వ విడత సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోని వ్యవసాయ కుటుంబాలలో 93.2 శాతం అప్పులలో ఉన్నాయి. ఒక్కొక్క వ్యవసాయ కుటుంబపు సగటు అప్పు 2,45,554 రూపాయలు. ఇది దేశంలోని రాష్ట్రాలన్నింటిలో ఎక్కువ. అదే సర్వేలో దేశ సగటు 74,121 రూపాయలు.

రాబడి తీరు

ఈ ప్రాంతంలో ఒకే కుటుంబానికి రెండు మూడు రకాల రాబడి ఉండడం సాధారణం. ఒక్కొక్కటి ఒక్కొక్క వ్యవధిలో చేతికి వస్తుంది.

టమోటా: మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. ఎత్తైన ప్రదేశం, చల్లని వాతావరణం వలన ఇక్కడ వేసవిలో కూడా టమోటా పండుతుంది. ధరలో హెచ్చుతగ్గులు చాలా ఎక్కువ. 2023 జూలై చివరలో మొదటి రకం కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. అదే ఏడాది సెప్టెంబరు మొదటికల్లా 15 రూపాయల లోపుకు పడిపోయింది.

పట్టుగూళ్ళు: మల్బరీ తోట ఉన్న రైతుకు ఏడాదిలో పలుమార్లు గూళ్ళ డబ్బు వస్తుంది. పురుగు గుడ్డునుండి వెలువడి గూడు కట్టడానికి సుమారు నెల రోజులు పడుతుంది. పురుగులకు రోగం వస్తే ఆ విడత మొత్తం పోతుంది.

పాలు: పాల బిల్లు సాధారణంగా పది లేదా పదిహేను రోజులకు ఒకసారి అందుతుంది. మొత్తం చిన్నదైనా ఇది అన్నిటికంటె నిలకడగా వచ్చే రాబడి.

కూలి, జీతం: కుప్పం బెంగుళూరు - చెన్నై రైలు మార్గం మీద ఉండడం వలన అక్కడినుండి ఎందరో పనుల కొరకు రోజూ బెంగుళూరు వెళ్ళివస్తుంటారు. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె వంటి చోట్ల పట్టు చీరల నేత వలన మజూరీ వస్తుంది.

అప్పులు, వడ్డీ లెక్క

గ్రామాలలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలు అని చెబుతారు. బ్యాంకులు ఏడాదికి ఇంత శాతం అని చెబుతాయి. రెండింటినీ ఒకే కొలతలోకి మార్చుకుంటే తప్ప ఏ అప్పు భారమో తెలియదు.

- పావలా వడ్డీ: ఏడాదికి 3 శాతం
- రూపాయి వడ్డీ: ఏడాదికి 12 శాతం
- రెండు రూపాయల వడ్డీ: ఏడాదికి 24 శాతం
- మూడు రూపాయల వడ్డీ: ఏడాదికి 36 శాతం
- ఐదు రూపాయల వడ్డీ: ఏడాదికి 60 శాతం

ఇవి బారు వడ్డీ లెక్కలు. గడువు తీరినపుడు వడ్డీని అసలులో కలిపి ప్రామిసరీ నోటును తిరగరాస్తే అది చక్రవడ్డీ అవుతుంది.

రోజువారీ కంతుల అప్పులో వడ్డీ పైకి కనబడదు. ఉదాహరణకు 10,000 రూపాయల అప్పులో ముందుగానే 1,000 పట్టుకొని 9,000 చేతికి ఇచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తే, పదివేలకు వెయ్యి మాత్రమే వడ్డీ అనిపిస్తుంది. కాని అసలు రోజురోజుకు తగ్గుతున్నందున నిజమైన వడ్డీ ఏడాదికి సుమారు 78 శాతం. అంటే ఇది ఆరు రూపాయల వడ్డీకంటె ఎక్కువ.

మార్కెట్‌లో మండీ వ్యాపారి పంటకు ముందు ఇచ్చే అడ్వాన్సు కూడా అప్పే. దానికి విడిగా వడ్డీ లేకపోయినా, పంటను అక్కడికే తేవలసి రావడం వలన రైతుకు వేరే చోట మంచి ధర ఉన్నా అమ్ముకునే వీలు పోతుంది. చీటీ పాడుకున్నవారు పాటలో వదులుకున్న మొత్తాన్ని కూడా వడ్డీగానే లెక్క వేసుకోవాలి.

బడ్జెట్ తయారు చేయు విధానం

1. అప్పుల పట్టిక: ఎవరికి, ఎంత అసలు, ఏడాదికి ఎంత శాతం వడ్డీ, కంతు ఎప్పుడు, కుదువ ఏమిటి అనే వివరాలతో అన్ని బాకీలను ఒకే కాగితం మీద రాయాలి. భార్యకు తెలియని భర్త అప్పు గాని, భర్తకు తెలియని భార్య అప్పు గాని పట్టికలో లేకపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

2. గత ఏడాది రాబడి: పంట, గూళ్ళు, పాలు, కూలి విడివిడిగా రాయాలి. పంట అమ్మకం నుండి కమీషను, రవాణా, కోత కూలి, ఎరువులు, మందుల ఖర్చు తీసివేయగా మిగిలినదే రాబడి.

3. ధర అంచనా: టమోటా వంటి పంటకు గత కొన్ని ఏళ్ళలో వచ్చిన తక్కువ ధరనే బడ్జెట్‌లో వేసుకోవాలి. ఎక్కువ ధరను ఊహించుకొని దాని మీద కొత్త అప్పు చేయడం ఈ ప్రాంతంలో బాకీలు పెరగడానికి తరచుగా దారితీస్తుంది.

4. ఏడాదికొకసారి వచ్చే ఖర్చులు: జూన్‌లో బడి ఫీజులు, పంట మొదట్లో నారు, ఎరువులు, సంక్రాంతి, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో మే నెలలో జరిగే గంగమ్మ జాతర వంటివి ఏటా వచ్చేవే. వీటిని అనుకోని ఖర్చులుగా చూడకుండా, అయ్యే మొత్తాన్ని పన్నెండు భాగాలు చేసి నెలనెలా పక్కన పెట్టాలి.

5. చిన్న నిల్వ: అప్పు తీర్చడం మొదలుపెట్టే ముందు కనీసం ఒక నెల తిండి, మందుల ఖర్చుకు సరిపడే డబ్బు విడిగా ఉంచాలి. ఈ నిల్వ లేని ఇంట్లో ఒక జ్వరం వస్తే తీర్చిన అప్పు మళ్ళీ ఐదు రూపాయల వడ్డీకి తిరిగి వస్తుంది.

6. రాబడికి పని కేటాయించడం: నిలకడగా వచ్చే పాల డబ్బును, కూలిని ఇంటి ఖర్చుకు, విడతలుగా వచ్చే గూళ్ళ డబ్బును కంతులకు, ఎప్పుడో ఒకసారి పెద్ద మొత్తంగా వచ్చే పంట డబ్బును అసలు తగ్గించడానికి కేటాయించడం మేలు. పంట డబ్బు మీద ఇంటి ఖర్చు ఆధారపడితే ధర పడిన ఏడాది తిండికే అప్పు చేయవలసి వస్తుంది.

ఏ అప్పు ముందు తీర్చాలి

ఇందుకు రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది ఎక్కువ వడ్డీ ఉన్న అప్పును ముందు తీర్చడం. దీనివలన మొత్తం వడ్డీ తగ్గుతుంది. రెండవది అన్నిటికంటె చిన్న అప్పును ముందు తీర్చడం. దీనిలో వడ్డీ ఎక్కువ పడవచ్చు గాని, ఒక బాకీ త్వరగా పూర్తిగా పోవడం వలన కుటుంబానికి పట్టుదల నిలుస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ: ఒక కుటుంబానికి మూడు రూపాయల వడ్డీకి 40,000, పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి 30,000, బ్యాంకులో బంగారం కుదువ మీద ఏడాదికి 9 శాతం వడ్డీకి 50,000 అప్పు ఉన్నదనుకొందాం. మొత్తం 1,20,000. నెలకు వడ్డీయే 1,875 రూపాయలు. ఆ కుటుంబం బడ్జెట్ ప్రకారం నెలకు సగటున 5,000 అప్పులకు కేటాయించగలదు. లెక్క సులభంగా ఉండడానికి, ముందు తీర్చే అప్పు తప్ప మిగిలినవాటికి అప్పటి వరకు వడ్డీ మాత్రమే కడతారని అనుకొందాం.

మూడు రూపాయల అప్పును ముందు తీరిస్తే అది 11 నెలలలో పోతుంది. తరువాత సంఘం బాకీ, ఆ తరువాత బంగారం అప్పు తీరి 29వ నెలలో కుటుంబం పూర్తిగా బయటపడుతుంది. కట్టిన మొత్తం వడ్డీ సుమారు 21 వేలు. దీనికి బదులు నగలు ముందు విడిపించుకోవాలని బంగారం అప్పుతో మొదలుపెట్టి, తరువాత సంఘం బాకీ, చివరికి మూడు రూపాయల అప్పు తీరిస్తే 33 నెలలు పడుతుంది. వడ్డీ 43 వేలు దాటుతుంది. నెలకు కట్టే డబ్బు రెండు విధాలలోనూ ఒక్కటే. వరుస మారినందువలన మాత్రమే 22 వేలకు పైగా తేడా వచ్చింది.

ఎక్కువ వడ్డీ అప్పును తీర్చడానికి తక్కువ వడ్డీకి సంఘంలో గాని, బ్యాంకులో గాని అప్పు తీసుకోవడం కూడా ఒక మార్గం. అయితే కొత్తగా తెచ్చిన డబ్బు నేరుగా పాత బాకీకే చేరాలి. అలా చేరకపోతే ఒక అప్పు రెండు అప్పులవుతాయి.

పొదుపు సంఘాలు

కేంద్ర ప్రభుత్వం 1982లో ప్రారంభించిన డ్వాక్రా పథకం, 1992లో నాబార్డు చేపట్టిన సంఘాల - బ్యాంకుల అనుసంధానం, 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ కృషి వలన ఆంధ్రప్రదేశ్‌లో మహిళా పొదుపు సంఘాలు విస్తరించాయి. ఈ సంఘాలు పాటించే పంచసూత్రాలు ఇవి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఇంటి బడ్జెట్‌కు కావలసిన అలవాట్లు దాదాపు ఇవే. సభ్యురాలి బాకీ నెలనెలా పుస్తకంలో ఎక్కి అందరి ముందు చదవబడటం వలన అది మరుగున పడదు.

2004 తరువాత రాష్ట్ర ప్రభుత్వం పావలా వడ్డీ పథకాన్ని అమలు చేసింది. 2012లో, సకాలంలో చెల్లించే సంఘాలకు వడ్డీ లేని రుణాల పథకం వచ్చింది. ఇటువంటి రాయితీ కంతు తప్పనివారికే వర్తిస్తుంది కనుక, బడ్జెట్‌లో సంఘం కంతును తప్పనిసరి ఖర్చుల వరుసలో ఉంచాలి.

చట్టాలు

చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1938లో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులకు అసలుకు రెండింతలు కట్టి ఉంటే ఆ అప్పు తీరినట్లేనని అది చెప్పింది.

2010 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ సంస్థలు ఒకే కుటుంబానికి పలు అప్పులు ఇవ్వడం, ఒక సంస్థ వారం కంతుకు మరొక సంస్థ అప్పు తేవడం పెరిగింది. వసూళ్ళ ఒత్తిడి వలన ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల నేపథ్యంలో ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు, తరువాత చట్టం తెచ్చింది. వడ్డీ అసలును మించి వసూలు చేయరాదని ఆ చట్టం చెప్పింది. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలోని ఆర్థిక సంస్థలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, 2023లో తెలంగాణ హైకోర్టు దానిని అనుసరించి 2010 చట్టం అటువంటి సంస్థలకు వర్తించదని పేర్కొన్నది.

2022 ఏప్రిల్‌నుండి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి కుదువ లేకుండా ఇచ్చే అప్పును సూక్ష్మ రుణం అంటారు. కుటుంబం నెలకు కట్టవలసిన అన్ని కంతుల మొత్తం నెల ఆదాయంలో సగానికి మించకూడదు. గడువుకు ముందే తీరిస్తే అపరాధ రుసుము వేయరాదు. కొత్త అప్పు తీసుకునే ముందు ఈ సగం పరిమితిని ఇంట్లోనే లెక్క చూసుకోవచ్చు.

ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి కాలపరిమితి మూడు సంవత్సరాలు. కట్టిన ప్రతి మొత్తాన్నీ నోటు వెనుక చెల్లు రాయించుకోవాలి. అయితే అప్పు తీసుకున్నవారి సంతకంతో గడువులోగా వేసిన చెల్లు వలన కాలపరిమితి ఆ తేదీనుండి మళ్ళీ మొదలవుతుంది. బాకీ పూర్తిగా తీరినపుడు నోటును వెనక్కు తీసుకోవడం ముఖ్యం. వాడుకలో ఐ.పి. పెట్టడం అనబడే దివాలా దరఖాస్తుకు 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టం ఆధారం.

పరిమితులు

కనీస ఖర్చులకే రాబడి చాలని కుటుంబాన్ని బడ్జెట్ ఒక్కటే గట్టెక్కించలేదు. అటువంటి ఇంట్లో ముందు రాబడి పెరగాలి లేదా అప్పు ఇచ్చినవారితో వడ్డీ, గడువు గురించి మాట్లాడుకోవాలి. ఎండిన బోరు, పెద్ద జబ్బు, వరుస కరువులు ఏ లెక్కనైనా తలకిందులు చేయగలవు. 2008లో కేంద్ర ప్రభుత్వం, 2014 తరువాత రాష్ట్ర ప్రభుత్వం అమలు చేసిన రుణ మాఫీలు బ్యాంకులు, సహకార సంఘాల వంటి సంస్థల వ్యవసాయ రుణాలకే వర్తించాయి. ఎక్కువ వడ్డీ పడే ప్రైవేటు అప్పులకు అవి వర్తించలేదు. ఆ అప్పులు కట్టితేనే తీరుతాయి. కనుక మంచి ధర వచ్చిన ఒక పంటలో ఎంత భాగం అసలుకు చేరింది అన్నదాని మీదనే ఈ ప్రాంతపు కుటుంబాల రుణ విముక్తి చాలావరకు ఆధారపడి ఉన్నది.

ఇవి కూడా చూడండి

- మదనపల్లె
- పుంగనూరు
- కుప్పం
- పొదుపు సంఘం
- చక్రవడ్డీ
- చీటీ