కూరగాయల బండి దగ్గర నేర్చుకున్న పారిస్

పారిస్ అనగానే మనకు ఈఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, మహా అయితే ఫ్రెంచి విప్లవం గుర్తుకు వస్తాయి. చూసి వచ్చినవాళ్ళు చూపించే ఫోటోలూ వాటివే. కాని ఒక ఊరిని చూడడం వేరు, ఆ ఊళ్ళో కాపురం ఉండడం వేరు. పరాయి దేశపు ఊరిమీద మనిషికి మమకారం ఎలా పుడుతుంది, దేన్ని పట్టుకొని పుడుతుంది అన్నది ఆలోచించదగిన విషయం. చదువుకోసం విదేశాలకు వెళ్ళేవాళ్ళు మనలోనూ ఎందరో ఉన్నారు గనుక ఇది మనకు బొత్తిగా సంబంధం లేని సంగతి కాదు. దీనికి జూలియా ఛైల్డ్ అనే అమెరికన్ ఇల్లాలి జీవితం మంచి ఉదాహరణ. వంటల పుస్తకం రాసిన ఆవిడతో సైన్సు విద్యార్థికి ఏం పని అని మిత్రులు నవ్వవచ్చు. చివరిదాకా చదివి నవ్వండి.

ఆమె 1912లో కాలిఫోర్నియాలో పుట్టింది. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా గూఢచారి శాఖ కార్యాలయంలో ఉద్యోగిగా సింహళానికి వచ్చి, అక్కడే పాల్ ఛైల్డ్‌ను కలుసుకొంది. 1946లో పెళ్ళి చేసుకున్నారు. పాల్‌కు పారిస్‌లోని అమెరికా సమాచార శాఖలో ఉద్యోగం రావడంతో 1948 నవంబరులో ఇద్దరూ ఓడ దిగారు. అప్పటికి ఆమె వయస్సు 36. ఫ్రెంచి రాదు. వంట కూడా అంతంతమాత్రమే! దారిలో రువాన్ పట్టణంలో వెన్నలో వేయించిన సోల్ చేప తిన్నదట. తన జీవితం అక్కడే మలుపు తిరిగిందని తర్వాత చెప్పుకొంది.

అప్పటి పారిస్ పూలబాట ఏమీ కాదు. యుద్ధం మిగిల్చిన ఇబ్బందులు తీరలేదు. కొన్ని సరుకులకు 1949 దాకా రేషన్ నడిచింది. యూనివర్సిటీ వీధిలో 81వ నంబరు ఇంట్లో వాళ్ళు అద్దెకు దిగారు. చలికాలంలో ఆ ఇల్లు గడ్డకట్టినంత చల్లన. వంటగది పై అంతస్తులో. పొయ్యి ఆమె ఎత్తుకు ఎక్కడో కిందుంది. ఇంత ఇబ్బందిలోనూ ఆమె ఆ ఊరిని వదలలేనంతగా ప్రేమించింది. ఎందువల్ల?

రోజూ సంచీ పట్టుకొని బజారుకు వెళ్ళడం వల్ల. నాకు తోచిన సమాధానం ఇదే.

ఫ్రాన్సులో తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేవాళ్ళను నాలుగు ఋతువుల వర్తకులు అని పిలిచేవారు. బుర్గోన్యు వీధిలో మారీ అనే ఒక అమ్మి ఉండేది. ఏ ఋతువులో పండేది ఆ ఋతువులో ఆమె బండిమీద ఉంటుంది. షాలట్ అనే చిన్నరకం ఉల్లి ఎలా వాడాలి, మంచి ఆలుగడ్డను ఎలా గుర్తుపట్టాలి — ఇవన్నీ జూలియాకు చెప్పిన మొదటి గురువు ఈ మారీయే. వచ్చీరాని ఫ్రెంచిలో అడుగుతుంటే మారీ విసుక్కోకుండా చెప్పేది. ఆ విధంగా కూరగాయలతోపాటు భాష కూడా సంచీలోకి వచ్చింది. తనను మోసం చేస్తారనే అనుమానంతో అంగట్లోకి వచ్చేవాణ్ణి ఫ్రెంచి వర్తకుడు ఇట్టే పసిగడతాడనీ, సరుకు గురించి నిజంగా తెలుసుకోగోరేవాడు వస్తే మాత్రం మనసు విప్పి మాట్లాడతాడనీ ఆమె గ్రహించింది. ఈ సంగతి 2006లో, అంటే ఆమె చనిపోయిన రెండేళ్ళకు, వెలువడిన జ్ఞాపకాల పుస్తకంలో ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మాది వ్యవసాయ కుటుంబం. మా టమాటా గంపలు మార్కెట్టుకు వెళ్ళినప్పుడు కొనేవాడు అడిగేది ఒక్కటే ప్రశ్న: ఎంతకిస్తావు? కాయ ఎప్పుడు కోశారు, ఎన్నాళ్ళు నిలుస్తుంది, పులుసుకు బాగుంటుందా పచ్చడికి బాగుంటుందా అని అడిగిన బేరగాణ్ణి నేనింతవరకు చూడలేదు. అడిగితే చెప్పడానికి మా అమ్మ దగ్గర గంటసేపటి సమాచారం ఉంది!

జున్ను దుకాణం సంగతి ఇంకా బాగుంటుంది. కామంబేర్ జున్ను కావాలంటే దుకాణం ఆవిడ వెంటనే చేతికివ్వదు. ఎప్పుడు తింటారు, మధ్యాహ్నానికా రాత్రికా అని అడుగుతుంది. ఆ తరువాత డబ్బాలు తెరిచి, బొటనవేలితో నొక్కి చూసి, సరిగ్గా ఆ పూటకు పండేదాన్ని తీసి ఇస్తుంది. మన బంగినపల్లి మామిడి అమ్మే ముసలమ్మలు చేసే పని ఇదే గదా! దీని వెనుక శాస్త్రం ఉంది. కామంబేర్ పైన తెల్లగా పెరిగేది పెన్సిలియం జాతి బూజు. అది విడుదలచేసే ఎంజైములు ప్రోటీన్లను విరగగొడుతూ పోతాయి. అందుచేత జున్ను పైనుంచి లోపలికి మెత్తబడుతుంది. నడిమధ్య ఇంకా గట్టిగా ఉంటే పచ్చిదన్నమాట, జారిపోతూ ఉంటే మించిపోయింది. ప్రయోగశాలలో మనం గంటలకొద్దీ చేసే పరీక్షను ఆ దుకాణదారు ఒక్క బొటనవేలితో తేల్చేది.

అయితే నాణేనికి రెండో ముఖం కూడా చూడాలి. ఛైల్డ్ దంపతులు ధనవంతులు కాకపోయినా చేతికొచ్చేది డాలరు జీతం. పడిపోయిన ఫ్రాంకుల దేశంలో డాలరు చేతబట్టుకొన్నవారికి ఏ ఊరైనా ముద్దొస్తుంది. చలిలో బండి తోసుకొనే మారీకి ఆ వీధి అంత అందంగా కనిపించి ఉంటుందా? జూలియా ప్రేమ బూటకమని నేననడం లేదు. కాని కొనేవారి బజారు వేరు, అమ్మేవారి బజారు వేరు. ఈ తేడా పల్లెటూరివాళ్ళకు ఒకరు చెప్పక్కరలేదు.

1949 అక్టోబరులో ఆమె కోర్డన్ బ్లూ అనే పేరుమోసిన వంటల పాఠశాలలో చేరింది. తరగతిలో తోటి విద్యార్థులంతా ప్రభుత్వ ఖర్చుమీద చదివే అమెరికన్ మాజీ సైనికులు. గురువు మాక్స్ బ్యూన్యార్ అనే వృద్ధ పాకశాస్త్రవేత్త. ఆయన శిష్యురాలిని లే ఆల్ బజారుకు కూడా తీసుకెళ్ళి సరుకు ఎంచడం నేర్పాడు. ఊరికంతటికీ కూరలు, మాంసం, చేపలు సరఫరా అయ్యే పెద్ద టోకు బజారు అది. పందొమ్మిదో శతాబ్దంలో బాల్తార్ అనే వాస్తుశిల్పి కట్టిన ఇనుప మంటపాల కింద అర్ధరాత్రి నుంచే బండ్లు దిగేవి.

పరీక్ష ముచ్చట మన విద్యార్థులు తప్పక వినాలి. 1951లో ఆమె పెద్ద పెద్ద వంటకాలన్నీ కంఠతాపట్టి పరీక్షకు వెళితే, పాఠశాలవారు అచ్చువేసిన చిన్న పుస్తకంలోని సాదా వంటకాలు అడిగారు. కొలతలు గుర్తులేవు. తప్పింది! మళ్ళీ కూర్చొని గట్టెక్కింది. సిలబస్ వదిలి గ్రంథాలు తిరగేసేవారి గతి ఏ దేశంలోనైనా అంతే కాబోలు.

ఆమెలో నాకు నచ్చినది ప్రయోగబుద్ధి. మయొనేజ్ అనే ఒక పచ్చడిలాంటి పదార్థం ఉంది. గుడ్డు పచ్చసొనలో కొద్దికొద్దిగా నూనె పోస్తూ చిలికితే వెన్నలాగా తయారవుతుంది. నూనె, నీరు కలవవని మనకు తెలుసు. కాని పచ్చసొనలో లెసిథిన్ ఉంది. దాని అణువు ఒక కొన నీటిని, మరో కొన నూనెను పట్టుకొంటుంది. అందుచేత నూనె బిందువులు మళ్ళీ ఒకదానితో ఒకటి కలిసిపోకుండా నిలుస్తాయి. దీన్నే ఎమల్షన్ అంటాం. వేసవిలో చక్కగా కుదిరిన మయొనేజ్ చలికాలంలో విరిగిపోసాగింది. ఆమె అదృష్టాన్ని తిట్టుకోలేదు. గిన్నె వేడి, నూనె పోసే వేగం, ఒక్కొక్కటే మారుస్తూ మళ్ళీ మళ్ళీ చేసి చూసింది. తప్పు చలిది, గిన్నెను కాస్త వెచ్చచేస్తే చాలు. మన ప్రాక్టికల్ రికార్డుల్లో ఇంత నిజాయితీ ఉంటుందా అని నా సందేహం.

1953లో పాల్‌కు మార్సేయ్ రేవుకు బదిలీ అయింది. తరువాత జర్మనీ, నార్వే. ఇద్దరు ఫ్రెంచి స్నేహితురాళ్ళతో కలిసి రాసిన పుస్తకం 1961లో అమెరికాలో అచ్చయింది. 1963లో టెలివిజన్ మీదికి వచ్చాక ఆమె ఇంటింటా తెలిసిన మనిషి. ఈలోగా పారిస్ కూడా మారింది. రద్దీ భరించలేక 1969లో లే ఆల్ బజారును ఊరి వెలుపల రంజీస్‌కు తరలించారు. 1971 నుంచి ఆ ఇనుప మంటపాలను కూలగొట్టారు. రైతు సరుకు లారీలకు సదుపాయం పెరిగింది, నిజమే. కాని ఊరి నడిబొడ్డున అర్ధరాత్రి వినిపించే బేరాల సందడి పోయింది.

అమెరికా చేరాక ఆమెను పట్టి పీడించినది రొట్టె. పారిస్‌లో దొరికే పొడుగు రొట్టె అక్కడ రాదు. అక్కడి పిండిలో ప్రోటీన్ ఎక్కువ, ఇంటి పొయ్యిలో ఆవిరి లేదు. పొయ్యిలో ఆవిరి ఉంటే రొట్టె పైపొర వెంటనే గట్టిపడకుండా లోపలి గాలికి సాగుతుంది. తరువాత పిండిపదార్థం ఉడికి నిగనిగలాడే పెళుసు పొర కడుతుంది. భార్యాభర్తలిద్దరూ రెండేళ్ళపాటు 284 పౌన్ల పిండి ఖర్చుపెట్టారు. పారిస్ వెళ్ళి కాల్వెల్ అనే రొట్టెల ఆచార్యుణ్ణి అడిగి వచ్చారు. పొయ్యి అడుగున పలకలు పరిచి, బాగా కాల్చిన ఇటుకను నీళ్ళ పళ్ళెంలో పడేసి ఆవిరి పుట్టించారు. 1970లో వచ్చిన రెండో సంపుటంలో ఈ ఒక్క రొట్టెకే సుమారు ఇరవై పేజీలు పట్టాయి. పారిస్‌లో ఉన్నన్నాళ్ళూ ఆమెకు అందులో ఒక్క వాక్యం కూడా అవసరం కాలేదు. రొట్టె దుకాణం వీధి మలుపులోనే ఉండేది.