పవర్ మీటర్‌కి తూకం రాయి

వడ్డేపల్లి నుంచి అలంపూర్ వైపు తొక్కుతుంటే నా పవర్ మీటర్ 230 వాట్లు చూపిస్తోంది. నెల కింద అదే రోడ్డు, అదే స్పీడు, 200! బలం పెరిగిందా? రెండు నెలల జీతం పోసి కొన్నా, అనుమానించడానికి మనసొప్పలేదు.

చివరికి కిరాణా కొట్లో 20 కిలోల తూకం రాయి అడిగి తెచ్చా. వెనక బ్రేకు బిగించి, 170 మి.మీ. క్రాంక్‌ను నేలకు సమాంతరంగా పెట్టి, పెడల్‌కు వేలాడదీస్తే 33.4 న్యూటన్ మీటర్లు రావాలి. వచ్చింది 35. రాయి దించి, సైకిల్‌ని కాసేపు బయటి ఎండకు అలవాటు పడనిచ్చి, జీరో ఆఫ్‌సెట్ చేశా. ఈసారి 33.3!

కొనేవాళ్లకో మాట. నాది ఎడమ కాలినే కొలిచి రెట్టింపు చేసే రకం. ఆ కాలు 48 శాతమే తోస్తే 200 వాట్లు 192గా కనిపిస్తాయి. రెండువైపులా కొలిచేవి ఖరీదెక్కువ. ప్రాక్టీసుకు ఇది చాలు, రోజూ ఒకేలా తప్పు చూపిస్తే.

నా 30 వాట్లు మాత్రం పోయాయి.