ఆర్‌సీ ప్లేన్: స్క్రీన్ మీద 5 వోల్టులు ఎవరివి?

ఫ్లైస్కై ఐ6 రిమోట్‌తో ఐఏ6బీ రిసీవర్ వాడుతున్నారా? స్క్రీన్‌పై కనిపించే 5 వోల్టులు లైపో బ్యాటరీవి కావు ఫ్రెండ్స్. ఈఎస్‌సీలోని బీఈసీ, రిసీవర్‌కి ఇచ్చే వోల్టేజ్ అది. 3 సెల్స్ లైపో 12.6 నుంచి 10.5కి పడిపోయినా ఆ 5 అలాగే ఉంటుంది. తర్వాత ఈఎస్‌సీ గాల్లోనే మోటార్ ఆపేస్తుంది. మా కొడంగల్ చుట్టూ కంది చేలే. నిలువెత్తు కందిలో ప్లేన్ పడితే వెతకడం అయ్యే పని కాదు! అందుకే బ్యాలెన్స్ కనెక్టర్‌కి చిన్న లైపో అలారం తగిలించి, సెల్‌కి 3.5 వోల్టుల దగ్గర మోగేలా సెట్ చేస్తా.

రిసీవర్‌కి విడిగా 4 సెల్స్ నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ ఉంటే మాత్రం స్క్రీన్ రీడింగ్ పనికొస్తుంది. అదీ స్టిక్స్ అన్నీ ఒకేసారి కదుపుతూ చూడాలి. ఊరికే ఉన్నప్పుడు 5 చూపించి, సర్వోలు కదలగానే 4.5కి జారిందంటే ఆ ప్యాక్‌తో నేనైతే ఎగరేయను.