ఉరుము వినుటకు పూర్వమే

వేసవి దినములలో మధ్యాహ్నము వఱకు ఎండ మండుచుండును. సాయంకాలమునకు ఆకాశము నల్లబడి, ఈదురుగాలి లేచి, ఉరుములతో వాన దిగును. రైతు కల్లములోని ధాన్యమును కప్పుటకు పరుగెత్తును. పశువుల కాపరి చెట్టు క్రిందికి చేరును. ప్రాణనష్టము తఱచుగా ఆ కొద్ది నిమిషములలోనే జరుగుచున్నది. 2022వ సంవత్సరమున మన దేశములో పిడుగుపాటు వలన 2,887 మంది మరణించినట్లు జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు తెలుపుచున్నవి. ముందుగా మేలుకొనినచో ఇట్టి మరణములలో పెక్కింటిని తప్పింపవచ్చును.

కాగిన నేలపై గాలి వేడెక్కి పైకి లేచును. దానికి సముద్రపు తేమ తోడైనచో, మేఘము ఒకటి రెండు గంటలలోనే పది కిలోమీటర్లకు మించిన యెత్తునకు పెరుగగలదు. అందుచేత ఏ యూరిపై ఏ గడియలో పిడుగు పడునో కొన్ని దినములు ముందుగా చెప్పుట సాధ్యము కాదు. ఏ ప్రాంతములలో అట్టి అవకాశము కలదో మాత్రమే చెప్పవచ్చును. మేఘము పుట్టిన పిమ్మట దాని నడకను డాప్లర్ రాడార్లు కనిపెట్టును. హైదరాబాదు, విశాఖపట్నము, మచిలీపట్నములందు ఇట్టి రాడార్లు కలవు. వీని సాయముతో భారత వాతావరణ శాఖ రాబోవు మూడు గంటలకు వర్తించు తక్షణ సూచనలను వెలువరించుచున్నది. పసుపు రంగు సూచన గమనించుచుండుమనియు, నారింజ రంగు సిద్ధముగా నుండుమనియు, ఎఱుపు రంగు వెంటనే జాగ్రత్త పడుమనియు తెలుపును.

ఈ మూడు గంటల గడువే మనకు రక్ష. సూచన తెలిసిన వెంటనే పొలము పనులు ముగించి, పశువులను చెట్ల క్రింద గాక కొట్టములలో కట్టి, పక్కా యింటికి చేరవలెను. ఒంటరి చెట్టు క్రింద నిలువరాదు. చెరువులోను, మేడమీదను ఉండరాదు. మెఱుపునకును ఉరుమునకును నడుమ మూడు సెకనులు గడచిన, పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరమున పడినట్లు. ఉరుము వినబడినదన్న, పిడుగు మనకును అందు దూరములోనే యున్నదని గ్రహింపవలెను. కడపటి ఉరుము తరువాత ముప్పది నిమిషముల వఱకు బయటికి రారాదు.

వాన వెనుక వరద పొంచియుండును. మన యూర చినుకు పడకున్నను, ఎగువ కురిసిన వానకు వాగు క్షణములలో పొంగవచ్చును. భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, శ్రీలంక దేశముల కొఱకు 2020లో ఏర్పడిన ఆకస్మిక వరద సూచనా వ్యవస్థ 6 గంటలు మొదలు 24 గంటల ముందు వఱకు హెచ్చరికల నీయగలదు. హెచ్చరిక యున్నపుడు వాగు గర్భమున బస చేయరాదు. నీరు పాఱు చప్టాను దాటరాదు. పదునైదు సెంటీమీటర్ల లోతు గల వడి నీరు పెద్దవారిని సైతము పడద్రోయగలదు. అఱువది సెంటీమీటర్ల నీరు మోటారు వాహనములను కొట్టుకొనిపోగలదు.

పిడుగు తగిలిన వానిని ముట్టుకొనిన విద్యుత్తు తగులునను భయము నిరాధారము. అతని దేహమున విద్యుత్తు నిలిచియుండదు. ఈ భ్రమచే చుట్టుప్రక్కలవారు వెనుదీయుటవలన బ్రతుకదగినవారు మరణించు ప్రమాదము కలదు. ఊపిరి ఆగినయెడల ఆలసింపక, చోటు సురక్షితమని చూచుకొని, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 సార్లు గట్టిగా నొక్కుచుండవలెను. వేఱొకరు 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. వరద తగ్గిన పిదప నీటిని కాచి చల్లార్చి త్రాగవలెను. విరేచనములు పట్టుకొనిన ఓ.ఆర్.ఎస్. ద్రావణమును త్రాగించుచు వైద్యుని చూడవలెను.

ధాన్యము తడిసినను మరల ఆరవేయవచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు. కావున ప్రతి వేసవి సాయంకాలమునను ఆ పూట వాతావరణ సూచనను తెలిసికొనుడు. తెలియని పొరుగువారికిని తెలుపుడు.