చిట్టా రాస్తే చాలు

నోట్‌ప్యాడ్ లాంటి మామూలు ఎడిటర్ తెరిచి ఇలా మూడు వరుసలు రాశారనుకోండి:

2025-06-07 రైతుబజారు
    ఖర్చులు:ఇల్లు:కూరగాయలు    420
    ఆస్తులు:నగదు

మొదటి వరుస ఎప్పుడు, ఎక్కడ అన్నది. రెండోది డబ్బు ఎటు పోయిందో, మూడోది ఎందులోంచి పోయిందో చెబుతుంది. నగదు పక్కన అంకె వేయనక్కర్లేదు. ఒక పద్దులోని అంకెలన్నీ కలిపితే సున్నా రావాలి కాబట్టి అక్కడ మైనస్ 420 అని ఈ ఫైలును చదివే లెక్కల ప్రోగ్రామే పూరించుకుంటుంది. 1494లో వెనిస్‌లో అచ్చయిన గ్రంథంలో లూకా పాచోలీ వివరించిన జంటపద్దు విధానం ఇదే. ఒక్క జాగ్రత్త: ఖాతా పేరుకూ అంకెకూ మధ్య కనీసం రెండు ఖాళీలు వదలాలి. ఒకటే వదిలితే 420 కూడా ఖాతా పేరులో కలిసిపోతుంది. కొత్తవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే.

మన కొట్లలో పూర్వం జరిగింది జరిగినట్టు చిట్టాలో రాసుకుని, తర్వాత ఒక్కో ఖాతా కిందికి ఆవర్జాలోకి ఎత్తి రాసేవారు. గుమాస్తా నడుము విరిగేది ఆ ఎత్తిరాతలోనే. జాన్ వీగ్లీ 2003లో రాసిన లెడ్జర్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ రెండో పనిని మనిషి చేతిలోంచి తీసేసింది. అదే దారిలో 2007లో సైమన్ మైఖేల్ హెచ్‌లెడ్జర్ మొదలుపెట్టాడు. మార్టిన్ బ్లే బీన్‌కౌంట్ తెచ్చాడు. వీటన్నిటిలోనూ మీరు రాసే ఫైలు చిట్టా మాత్రమే. ఆవర్జా ఎక్కడా దాచి ఉండదు. మీరు అడిగిన క్షణాన తయారై తెర మీద కనబడి పోతుంది. ఎన్నిసార్లు, ఎన్ని రకాలుగా అడిగినా ఫైల్లో ఒక్క అక్షరం మారదు.

అడగడమంటే టెర్మినల్ అనే నల్లటి కిటికీలో ఒక వరుస టైపు చేయడమే. హెచ్‌లెడ్జర్‌నే తీసుకుందాం. ‘బ్యాలెన్స్’ అంటే ఖాతాలవారీగా మొత్తాలు ఇస్తుంది. ‘రిజిస్టర్’ అంటే ఒక్కో లావాదేవీనీ వరుసగా చూపిస్తూ పక్కన మొత్తం పెంచుకుంటూ పోతుంది. వెనక ఖర్చులు అని చేరిస్తే ఖర్చులే వస్తాయి. పోయిన నెలవి మాత్రమే కావాలన్నా, నెలకో గడి చొప్పున పరిచి చూపమన్నా, వెయ్యి దాటినవి ఏరమన్నా, అద్దె మినహాయించి చెప్పమన్నా ఇంకో మాట చేర్చడమే. ఖాతా పేర్ల మధ్య పెట్టిన కోలన్లు ఇక్కడ అక్కరకొస్తాయి. రెండు మెట్ల వరకే చూపమంటే కూరగాయలు, పాలు, గ్యాసు అన్నీ ‘ఇల్లు’ కింద ఒకే అంకెగా ముడుచుకుంటాయి. బీన్‌కౌంట్‌కైతే ఎస్‌క్యూఎల్‌ను పోలిన ప్రశ్నల భాషే ఉంది. డేటాబేసులతో పని చేసేవాళ్లకు అది చేతికి అలవాటైన వ్యవహారం.

ఇదంతా ఎక్సెల్‌లో చేయలేమా అంటే, చేయొచ్చు, కొంతవరకు. క్రెడిట్ కార్డు మీద మే నెలలో ఎనిమిది వేల సరుకులు కొని జూన్‌లో బిల్లు కట్టారనుకోండి. కార్డు కాగితం, బ్యాంకు కాగితం ఎక్సెల్‌లో కలిపి కూడితే పదహారు వేల ఖర్చు తేలుతుంది. చిట్టాలో కొన్నరోజున ఖర్చు పెరిగింది, కార్డు అప్పు పెరిగింది. కట్టినరోజున బ్యాంకు నిల్వా, అప్పూ తగ్గాయంతే. ఖర్చులెంత అని అడిగితే ఎనిమిది వేలే.

చీటీ కట్టేవాళ్లకు ఈ పద్ధతి మరీ బాగా పనికొస్తుంది. ఇరవై మంది, ఇరవై నెలలు, లక్ష రూపాయల చీటీ, నెలకు 5,000. ఈ నెల పాట పోయాక డివిడెండ్ 750 వచ్చింది, చేతి నుంచి కట్టింది 4,250. చాలామంది 4,250 ఖర్చని రాసేసుకుంటారు. అది ఖర్చు కాదు, పొదుపు. చిట్టాలో మూడు వరుసలు పడాలి: ఆస్తులు:చీటీ 5,000, ఆస్తులు:బ్యాంకు మైనస్ 4,250, ఆదాయం:డివిడెండ్ మైనస్ 750. (ఆదాయానికి మైనస్ ఏమిటని అందరూ అడుగుతారు. సున్నా కుదరాలంటే డబ్బు వచ్చిన వైపు మైనస్ ఉండక తప్పదు.) పది నెలలకు చీటీ ఖాతాలో 50,000 ఉంటుంది. అప్పుడు మీరు 20,000 తగ్గించి 80,000కు పాడుకున్నారు. బ్యాంకులో 80,000, పాట నష్టం 20,000, చీటీ ఖాతాలో మైనస్ లక్ష. ఇప్పుడు ఆ ఖాతా నిల్వ అడిగితే మైనస్ 50,000 అంటుంది. మిగిలిన పది వాయిదాలు అవి. నిన్నటిదాకా పొదుపుగా ఉన్నది పాటతో అప్పుగా మారిందన్న సంగతి ఆ మైనస్ ఒక్కటే చెబుతుంది. మొత్తం మీద ఈ చీటీ లాభమా నష్టమా తేల్చాలంటే డివిడెండ్‌నూ పాట నష్టాన్నీ పక్కపక్కన అడిగి చూసుకోవచ్చు.

అంకెల విషయంలో మనకొక సౌకర్యం ఉంది. ఫైలు మొదట్లో ఒక్క వరుస రాస్తే హెచ్‌లెడ్జర్ 100,000 అని కాకుండా 1,00,000 అనే చూపిస్తుంది. ఖాతా పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. ఏది ఆస్తి, ఏది అప్పు, ఏది ఖర్చు అని ఒకసారి ప్రకటిస్తే సరి. అయితే టెర్మినల్ కిటికీలు చాలావరకు తెలుగు ఒత్తులను చెదరగొడతాయి, గడులు వంకర పోతాయి. ఆదేశాలు ఎలాగూ ఇంగ్లిషులోనే. ఇంట్లో మిగతావాళ్లు దీన్ని ముట్టుకోకపోవడానికి ఈ రెండూ చాలు. ఫోన్‌లో క్షణంలో రాసిపడేసే సుఖం కూడా ఇందులో లేదు.

యూపీఐ చెల్లింపులన్నీ చేత్తో రాయాలా అని భయపడక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌ను సీఎస్‌వీ ఫైలుగా దించుకుని, ఫలానా పేరు కనబడితే ఫలానా ఖాతాలో వేయమని నియమాలు రాసిపెడితే చాలావరకు అవే సర్దుకుంటాయి. ఆ తర్వాత చివరి బ్యాంకు పద్దు పక్కన ‘= 18,250’ అని స్టేట్‌మెంట్‌లోని నిల్వ వేసి ఉంచాలి. లెక్క కుదరకపోతే ప్రోగ్రాం రిపోర్టు ఇవ్వదు. ఏ వరుస దగ్గర ఎంత తేడా వచ్చిందో చెప్పి ఆగిపోతుంది. ఆ తేడా సరిగ్గా 17 రూపాయల 70 పైసలైతే ముందు ఎస్సెమ్మెస్ ఛార్జీ కోసం వెతకండి: 15 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ.