లేబుల్ మీద లేని పేరు: అమెరికా ఫ్యాషన్‌లో నల్లజాతి డిజైనర్లు

1953 సెప్టెంబర్ 12న అమెరికాలోని న్యూపోర్ట్‌లో జరిగిన పెళ్లి గురించి ఆ దేశమంతా మాట్లాడుకుంది. వరుడు అప్పటి సెనేటర్ జాన్ ఎఫ్. కెనెడీ. వధువు జాక్వెలిన్ బూవియే. ఆమె వేసుకున్న దంతపు రంగు పట్టు గౌనును పత్రికలు వివరంగా వర్ణించాయి. గుడ్డ ఏ రకమో, కుచ్చులు ఎలా తిప్పారో అన్నీ రాశాయి. ఎవరు రూపొందించారో మాత్రం దాదాపు ఎవరూ రాయలేదు. ఆమె ఆన్ లోవ్ అనే నల్లజాతి మహిళ.

పెళ్లికి పది రోజుల ముందు ఆమె కుట్టుగదిలోకి నీళ్లు చేరి, పెళ్లి గౌనుతో పాటు తోడిపెళ్లికూతుళ్ల గౌన్లు చాలావరకు పాడైపోయాయి. ఆమె మళ్లీ గుడ్డ కొని, మనుషుల్ని పెట్టుకుని, రాత్రీపగలూ పనిచేసి సమయానికి అందించారు. 700 డాలర్లు మిగలాల్సిన పనిలో 2,200 డాలర్లు నష్టపోయారు. ఆ సంగతి పెళ్లివారికి చెప్పలేదు కూడా. గౌన్లు తీసుకుని వెళ్తే వెనక గుమ్మం గుండా రమ్మన్నారని, ముందు గుమ్మం గుండా రానివ్వకపోతే గౌన్లు వెనక్కి పట్టుకుపోతానని తాను అన్నానని ఆమె తర్వాత చెప్పుకున్నారు.

అమెరికా ఫ్యాషన్‌లో నల్లజాతివాళ్లకు ప్రాతినిధ్యం లేదు అని తరచూ వింటాం. ఆ మాటను కొంచెం విప్పి చూడాలి. వాళ్ల చేతులు మొదటి నుంచీ ఆ రంగంలో ఉన్నాయి. దక్కనివి మూడు: లేబుల్ మీద పేరు, లాభంలో వాటా, నిర్ణయం తీసుకునే కుర్చీ.

గుడ్డ మీద కూడా చట్టమే

1740లో సౌత్ కరోలినా కాలనీ చేసిన చట్టం బానిసలు ఏ రకం బట్ట కట్టాలో జాబితా రాసి మరీ చెప్పింది. అంతకన్నా మంచి బట్ట ఒంటి మీద కనిపిస్తే లాక్కునే అధికారం ఇచ్చింది. ఆ జాబితాలో మొదటిది 'నీగ్రో క్లాత్' అనే ముతక గుడ్డ. 19వ శతాబ్దంలో ఉత్తరాదిన రోడ్ ఐలాండ్ మిల్లులు ఆ గుడ్డను నేసి దక్షిణాది యజమానులకు అమ్మి సంపాదించుకున్నాయి. దక్షిణాదిన పత్తి తీసింది బానిసలు. యజమానుల ఇళ్లలో దొరసానుల గౌన్లు కుట్టింది బానిస స్త్రీలు. మనిషి ఒంటి మీది గుడ్డను బట్టి ఆ మనిషి స్థానాన్ని ఖాయం చేసే సమాజం ఎలా ఉంటుందో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ స్త్రీలలో ఒకరు ఎలిజబెత్ కెక్లీ. వర్జీనియాలో బానిసగా పుట్టారు. కుట్టుపని తెచ్చిన పేరుతో, ఆ పని చేయించుకున్న స్త్రీల దగ్గర అప్పు తీసుకుని, 1855లో 1,200 డాలర్లు కట్టి తననూ తన కొడుకునూ విడిపించుకున్నారు. మళ్లీ కుట్టి ఆ అప్పు తీర్చారు. తర్వాత వాషింగ్టన్‌లో అధ్యక్షుడు లింకన్ భార్య మేరీ లింకన్‌కు దుస్తులు కుట్టారు. 1868లో తన జీవితం గురించి పుస్తకం రాస్తే, తెల్లజాతి సమాజం ఆమెను పొగడలేదు, హద్దు దాటిందంది. పని ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు. 1907లో దిక్కులేని నల్లజాతి స్త్రీలు, పిల్లల కోసం నడిపే ఆశ్రమంలో ఆమె కన్నుమూశారు.

ఆన్ లోవ్ అమ్మమ్మ కూడా బానిసత్వంలో కుట్టుపని చేసినవారే. అంటే ఆ విద్య ఆ ఇంట్లో మూడు తరాలది.

తలుపు మూస్తే సొంత వేదిక

1917లో ఆన్ లోవ్ న్యూయార్క్‌లో ఒక డిజైన్ స్కూల్లో చేరితే, తెల్లజాతి విద్యార్థినులు పక్కన కూర్చోమన్నారని ఆమెను వేరే గదిలో కూర్చోబెట్టారు. ఇలా మూసుకున్న తలుపుల ముందు నల్లజాతి సమాజం ఊరికే నిలబడలేదు. 1949లో నల్లజాతి డిజైనర్లు, కుట్టుపనివాళ్లు కలిసి సొంత జాతీయ సంఘం పెట్టుకున్నారు. దాన్ని నిలబెట్టినవాళ్లలో డిజైనర్ జెల్డా విన్ వాల్డెస్ ఒకరు.

1958లో 'ఎబొనీ' పత్రిక తరఫున ఎబొనీ ఫ్యాషన్ ఫెయిర్ మొదలైంది. యూనిస్ జాన్సన్ దీన్ని దశాబ్దాల పాటు నడిపించారు. నల్లజాతి మోడల్స్ బస్సులో ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చేవారు. వచ్చిన డబ్బు చదువులకూ, సేవా సంస్థలకూ వెళ్లేది. 2009 వరకు అలా 5 కోట్ల డాలర్లకు పైగా సమకూరింది. తమ మోడల్స్ చర్మానికి సరిపడే మేకప్ బజారులో దొరక్క, 1973లో వాళ్లు సొంత సౌందర్య సాధనాల కంపెనీ కూడా పెట్టారు.

వేదిక ఇచ్చారు, గల్లా పెట్టె ఇవ్వలేదు

1973 నవంబర్ 28న ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనంలో అయిదుగురు ఫ్రెంచ్ డిజైనర్లూ అయిదుగురు అమెరికన్ డిజైనర్లూ ఒకే రాత్రి తమ దుస్తులు ప్రదర్శించారు. అమెరికన్లలో ఒకరు నల్లజాతి డిజైనర్ స్టీఫెన్ బరోస్. ఆ రాత్రి సభను ఊపేసినవాళ్లలో నల్లజాతి మోడల్స్ ముందున్నారు. మరుసటి ఏడాది ఆగస్టులో అమెరికన్ 'వోగ్' ముఖచిత్రం మీద తొలిసారి ఒక నల్లజాతి మహిళ, బెవర్లీ జాన్సన్, కనిపించారు.

ఇక తలుపులు తెరుచుకున్నట్టే అనుకున్నారు. కానీ కనబడడం ఒక సీజన్ ఫ్యాషన్ లాంటిదైంది, వచ్చింది, పోయింది. 2013లో మాజీ మోడల్ బెథాన్ హార్డిసన్ న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ఫ్యాషన్ మండళ్లకు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. ఒక్క నల్లజాతి మోడల్‌నో, అసలు ఎవరినీ పెట్టుకోకుండానో ప్రదర్శనలు చేసిన సంస్థల పేర్లు అందులో రాశారు. ఉద్దేశం ఏదైనా ఫలితం జాతివివక్షే అన్నది ఆమె వాదన.

మోడల్ సంగతి ఇలా ఉంటే డిజైనర్ సంగతి ఇంకా కష్టం. ఇక్కడ డబ్బు ఎలా నడుస్తుందో చూడాలి. పెద్ద దుకాణం ఆర్డర్ ఇస్తుంది, కానీ సాధారణంగా చెల్లింపు సరుకు చేరిన తర్వాతే. అప్పటిదాకా గుడ్డ, కూలి, రవాణా ఖర్చంతా డిజైనరే భరించాలి. ఒక ఆర్డర్ డబ్బు చేతికి రాకముందే తర్వాతి సీజన్‌కు పెట్టుబడి కావాలి. ఇంటి ఆస్తో, బ్యాంకు అప్పో, ధనవంతుల పరిచయమో ఉన్నవాళ్లు ఈ మధ్యకాలాన్ని దాటేస్తారు. తరాల తరబడి ఆస్తి కూడనివ్వని సమాజంలో పుట్టినవాళ్లకు ఒక్క పెద్ద ఆర్డర్ కూడా ఉరితాడు అవుతుంది. కాబట్టి ప్రతిభ ఉంటే చాలు పైకొస్తారన్న మాట ఈ లెక్క ముందు నిలబడదు.

ఎవరు తీసుకుంటే దొంగతనం?

1982లో హార్లెమ్‌లో డాపర్ డాన్ దుకాణం తెరిచారు. పెద్ద బ్రాండ్ల గుర్తుల్ని తోలు మీద అచ్చువేసి, ఆ బ్రాండ్లు ఊహించని కోట్లు, జాకెట్లు కుట్టారు. ర్యాప్ గాయకులు, బాక్సర్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. బ్రాండ్లు దాడులు చేయించి, కేసులు వేశాయి. 1992కల్లా దుకాణం మూతపడింది. 2017లో గూచీ తన ప్రదర్శనలో ఒక జాకెట్ చూపించింది. అది 1980లలో పరుగుపందేల క్రీడాకారిణి డయాన్ డిక్సన్ కోసం డాపర్ డాన్ కుట్టినదాని పోలికే. ఆయన చేస్తే నకిలీ అన్నారు. గూచీ చేస్తే నివాళి అన్నారు. జనం సోషల్ మీడియాలో నిలదీశాకే గూచీ ఆయనతో ఒప్పందం చేసుకుంది. 2018లో హార్లెమ్‌లో ఆయన కొత్త కుట్టుశాల తెరుచుకుంది.

నిరసన తర్వాత

2018లో వర్జిల్ అబ్లో లూయీ విటాన్ పురుషుల దుస్తుల విభాగానికి కళా దర్శకుడయ్యారు. ఆ పదవిలో తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. 2020 మేలో పోలీసుల చేతుల్లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగాక, ఫ్యాషన్ కంపెనీలు వరసగా సంఘీభావ ప్రకటనలు ఇచ్చాయి. డిజైనర్ అరోరా జేమ్స్ వాటిని ప్రకటన కాదు, లెక్క అడిగారు. అమెరికా జనాభాలో నల్లజాతివాళ్లు సుమారు 15 శాతం కాబట్టి దుకాణాల అరల్లో 15 శాతం నల్లజాతి సొంతదారుల సరుకుకు ఇవ్వాలన్నారు. సెఫోరా, మేసీస్ వంటి పెద్ద సంస్థలు ఆ ప్రతిజ్ఞకు ఒప్పుకున్నాయి.

ఆ డిమాండ్ బలం దాని సూటిదనంలో ఉంది. ముఖచిత్రం మీద ఒక ముఖాన్ని వచ్చే నెల మార్చేయవచ్చు. అరలో వాటా, ఒప్పందంలో సంతకం, కంపెనీలో భాగం అంత తేలిగ్గా తీసేయలేరు. అయితే ప్రతిజ్ఞ చట్టం కాదు. నిరసన వేడి తగ్గాక దాన్ని నిలబెట్టేది మళ్లీ అడిగే గొంతులే.

కాబట్టి ఏ ఫ్యాషన్ ప్రదర్శన గురించైనా చదివినప్పుడు ర్యాంప్ మీద ఎంతమంది నడిచారన్న దగ్గర ఆగిపోకూడదు. గుడ్డ కొనడానికి అప్పు ఎవరికి దొరికింది, కంపెనీ ఎవరిది, లోపల కుట్టిన ఆ చిన్న పట్టీ మీద ఎవరి పేరు ఉంది అని కూడా అడగాలి. కెనెడీ పెళ్లి గౌను ఇప్పుడు బోస్టన్‌లోని కెనెడీ గ్రంథాలయం సేకరణలో ఉంది. ఆన్ లోవ్ పేరు లోకానికి తెలిసింది. కానీ 2,200 డాలర్లు పోగొట్టుకుని, అప్పులతో దుకాణం మూసుకున్న రోజుల్లో ఆ పేరు ఆమెకు అక్కరకు రాలేదు.